పడుగు, పేక, ఉప్పు

నల్లగొండలో నేను పాఠాలు చెప్పే కళాశాలలో ఈ ఏడాది ప్రాజెక్టు చేస్తున్న ఒక అమ్మాయి, వనపర్తి దగ్గరి తమ చేనులోని పల్లి ఆకుల నుంచి ప్రొటీన్లు తీసి, ఆ పచ్చటి ద్రావణాన్ని చిన్న ట్యూబులో పట్టుకొని పోయిన వారం నా గదికి వచ్చింది. "మేడం, దీన్ని ఇట్లనే హైదరాబాద్‌కు పంపిస్తే మాస్ స్పెక్‌ల పెట్టి అన్నీ చెప్తరట గద. మళ్ల ఈ పట్టీలు, ఈ జెల్లులు మనకెందుకు?" అని అడిగింది. ఆమె అన్న పట్టీలు, జెల్లులు మేము ప్రొటీన్లను ఒకదాని నుంచి ఒకటి విడదీయడానికి వాడేవి. ప్రశ్న సరైనదే, కానీ గంట కొట్టే లోపల నేను చెప్పిన జవాబు సగమే. మిగిలిన సగం ఆమె కోసం, ఆమెలాగే అడిగే మరికొందరి కోసం ఇక్కడ రాస్తున్నాను.

ఆకు కణంలో వేల రకాల ప్రొటీన్లు ఉంటాయి గానీ అవన్నీ సమానమైన మోతాదులో ఉండవు. గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టి చక్కెరగా మార్చే పనికి మొదటి మెట్టయిన రూబిస్కో అనే ప్రొటీన్ ఒక్కటే, ఆకులో నీటికి కరిగే ప్రొటీన్లలో దాదాపు సగం దాకా ఆక్రమిస్తుంది. అణువుల బరువును కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపే ముందు ప్రొటీన్లను ట్రిప్సిన్ అనే ఎంజైముతో ముక్కలు చేస్తారు. ఆ ముక్కలు ఆవిరి తుంపరగా మారి లోపలికి పోతుంటే, యంత్రం ఏ క్షణానికి ఆ క్షణం తనకు బలంగా కనిపించిన వాటిని ఎంచుకొని కొలుస్తుంది. జాతరలో మైకు పట్టుకున్నవాడి మాట ఊరంతటికీ వినబడి, పక్కనే నిలబడి మాట్లాడే ముసలవ్వ మాట మనకే వినబడనట్టు, రూబిస్కో ముక్కల హోరులో, కరువుకు తట్టుకోవడానికి మొక్క కొద్దికొద్దిగా తయారు చేసుకొనే ప్రొటీన్లు మరుగున పడిపోతాయి. మా విద్యార్థిని వెతుకుతున్నది సరిగ్గా ఆ కొద్దిపాటి వాటినే. రక్తపు ప్లాస్మాతో పనిచేసేవారికీ ఇదే చిక్కు: అక్కడ ఉన్న ప్రొటీన్లలో సగానికి పైగా ఆల్బుమిన్ ఒక్కటే.

అందుకని యంత్రం ముందుకు చేరకముందే గుంపును పాయలుగా విడదీయాలి. పరిమాణాన్ని బట్టి విడదీయవచ్చు, కరిగే గుణాన్ని బట్టి విడదీయవచ్చు, విద్యుదావేశాన్ని బట్టి విడదీయవచ్చు. నాకు మూడో దారి మీద పక్షపాతం ఉన్న మాట నిజం. ఒకే ప్రొటీన్‌కు ఒక చోట ఒక ఫాస్ఫేటు అతుక్కుంటే దాని బరువులో మార్పు లెక్కలోకి రానంత తక్కువ. ఆవేశంలో మాత్రం తేడా స్పష్టంగా తెలుస్తుంది. కణం తన ప్రొటీన్లకు పని చెప్పేది, పని ఆపేది చాలాసార్లు ఆ ఫాస్ఫేటుతోనే కనుక, ఆవేశాన్ని చూడటమంటే కణం ఆ పూట ఏం చేస్తున్నదో చూడటమే.

ఈ ఆవేశం ఎక్కడిది? ప్రొటీన్ అనేది అమైనో ఆమ్లాల దండ. వాటిలో ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాలు మామూలు పరిస్థితుల్లో రుణావేశంతో ఉంటాయి. లైసిన్, ఆర్జినిన్ ధనావేశంతో ఉంటాయి. హిస్టిడిన్ పీహెచ్ (ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత; అంకె తగ్గేకొద్దీ ఆమ్లం) 6 చుట్టుపక్కల అటూ ఇటూ ఊగుతుంది. చుట్టూ ఉన్న ద్రావణం ఆమ్లంగా మారేకొద్దీ దండ మీద ధనావేశం పెరుగుతుంది, క్షారంగా మారేకొద్దీ రుణావేశం పెరుగుతుంది. రెండూ సరిసమానమై నికరంగా సున్నా మిగిలే పీహెచ్ ప్రతి ప్రొటీన్‌కూ ఒకటి ఉంటుంది. దానిని ఐసోఎలక్ట్రిక్ పాయింట్ అంటారు, ప్రయోగశాలలో అందరూ వాడే మాట పీఐ. రక్తంలోని ఆల్బుమిన్ పీఐ 4.7 దగ్గర, సైటోక్రోమ్ సి పీఐ 10 దగ్గర, గుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ పీఐ 11 దగ్గర ఉంటాయి.

పీఐ అంటే ఏమిటో చూడటానికి ప్రయోగశాల కూడా అక్కర్లేదు. పాల పీహెచ్ సుమారు 6.7. ఆ స్థితిలో కేసీన్ రుణావేశంతో ఉండి, ఒక రేణువు మరో రేణువును దూరంగా నెడుతూ ఉంటుంది కనుక పాలు పాలలాగే ఉంటాయి. తోడు వేశాక సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లాన్ని తయారు చేస్తూ పోతే పీహెచ్ దిగుతూ వచ్చి 4.6కు చేరుతుంది, అది కేసీన్ పీఐ. నెట్టుకొనే ఆవేశం లేకపోవడంతో రేణువులు ఒకదానికొకటి అతుక్కొని గడ్డకడతాయి. చలికాలం రాత్రుల్లో తోడు వేసిన గిన్నెను మా అమ్మ బియ్యం డబ్బాలో దాచిపెట్టి, తెల్లవారి మూత తీసి వేలితో తాకి చూసేది. ఆమె తాకి చూసింది కేసీన్ ఆవేశం సున్నా అయిందా లేదా అన్నదే అని నేను చెబితే, "నీ చదువు ఇందుకేనా" అన్నది.

విద్యుత్తు పెట్టి ప్రొటీన్లను నడిపించే పద్ధతికి, అంటే ఎలక్ట్రోఫోరెసిస్‌కు, తొలి పేరు స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆర్నె టిసేలియస్‌ది. యూ ఆకారపు గాజు గొట్టంలో రక్తపు సీరమ్‌ను పోసి, కరెంటు పెట్టి, అందులో ఆల్బుమిన్‌తో పాటు ఆల్ఫా, బీటా, గామా గ్లోబ్యులిన్లు వేర్వేరు వేగాలతో కదులుతాయని ఆయన 1937లో చూపించాడు. 1948లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే, 1949లో, లైనస్ పౌలింగ్ బృందం అదే పద్ధతిలో సికిల్ సెల్ రోగుల హిమోగ్లోబిన్‌ను పరీక్షించి, అది మామూలు హిమోగ్లోబిన్ కంటే వేరే ఆవేశంతో ఉన్నదని తేల్చింది. ఆ తేడా ఒకే ఒక అమైనో ఆమ్లానిదని, రుణావేశం గల గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట ఆవేశం లేని వాలిన్ వచ్చి కూర్చున్నదని వెర్నన్ ఇంగ్రామ్ 1957లో గాని కనుక్కోలేదు. తప్పు ఎక్కడున్నదో తెలియకముందే తప్పు ఉన్నదని ఆవేశం చెప్పేసిందన్న మాట.

టిసేలియస్ పద్ధతికి ఒక లోపం ఉండేది. నీళ్లలో నడిచే ప్రొటీన్లు కొంచెం వేడి తగిలినా, కొంచెం కదిలినా మళ్లీ కలిసిపోయేవి. దానికి విరుగుడుగా గంజి వచ్చింది. ఈ మాట నేను సరదాకు అనడం లేదు. టొరంటోలో పనిచేస్తున్న ఆలివర్ స్మితీస్, చిన్నప్పుడు ఇంట్లో బట్టలకు గంజి పెట్టే పనిలో తల్లికి సాయపడినప్పుడు, గంజి చల్లారితే జిగురుగా గట్టిపడటం చూసిన సంగతి గుర్తు తెచ్చుకొని, 1955లో పిండిపదార్థంతో జెల్ పోసి అందులో ప్రొటీన్లను నడిపించాడు. నీళ్లలా కదలదు కనుక గీతలు గీతలుగా విడిపోయినవి అలాగే నిలిచాయి. పైగా జెల్‌లోని సన్నటి రంధ్రాలు జల్లెడలా పనిచేసి పరిమాణాన్ని బట్టి కూడా విడదీశాయి. టిసేలియస్‌కు నాలుగైదు భాగాలు కనిపించిన సీరమ్‌లో స్మితీస్‌కు అంతకంటే ఎన్నో ఎక్కువ కనిపించాయి.

చండూరు దగ్గరి మా ఊళ్లో మాది నేతపని చేసే ఇల్లు. పొద్దున్నే వీధి పొడవునా పడుగు పరిచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతుంటే స్కూలుకు పోయే పిల్లలం దాని కింది నుంచి వంగి దూరేవాళ్లం. "గంజి సల్లారితే గడ్డకడ్తది బిడ్డా, ఏడి మీదనే పట్టియ్యాలె" అని నాయిన ఎన్నోసార్లు అన్నాడు. ఎమ్మెస్సీలో స్మితీస్ కథ విన్న రోజున నేను అనుకున్నది ఒక్కటే: అదే మాట నేనూ విన్నాను, నాకు మాత్రం జెల్ తట్టలేదు.

ఇప్పుడు అసలు పద్ధతి దగ్గరికి వస్తాను. జెల్‌లో ప్రొటీన్లను ఊరకే నడిపిస్తే, ఎంతసేపు నడిపిస్తే అంత దూరం పోతూనే ఉంటాయి. అలా కాకుండా ఒక చివర ఆమ్లం, మరో చివర క్షారం ఉండి, మధ్యలో పీహెచ్ మెట్టుమెట్టుగా పెరిగే దారిని ముందే వేసిపెడితే, ప్రతి ప్రొటీన్ తన పీఐ ఉన్న చోటికి పోయి దానంతట అదే ఆగుతుంది. ఆమ్లం వైపు ఉన్న ప్రొటీన్ ధనావేశంతో ఉంటుంది కనుక రుణధ్రువం వైపు నడుస్తుంది. నడిచేకొద్దీ పీహెచ్ పెరిగి దాని ఆవేశం తగ్గుతుంది. సున్నా అయిన చోట దానిని లాగే బలం ఉండదు. అక్కడి నుంచి పొరపాటున ముందుకు జారితే రుణావేశం వచ్చి వెనక్కి లాగబడుతుంది, వెనక్కి జారితే ధనావేశం వచ్చి ముందుకు లాగబడుతుంది. కరెంటు ఉన్నంతసేపూ గీత వెడల్పు కావడానికి బదులు సన్నబడుతూ పోతుంది. ఐసోఎలక్ట్రిక్ ఫోకసింగ్ అంటే ఇంతే. నాకు జీవరసాయనశాస్త్రం మొత్తంలో ఇంతకంటే అందమైన ఆలోచన కనిపించలేదు.

ఆలోచన సులువే, ఆ దారి వేయడమే కష్టమైంది. 1961లో హ్యారీ స్వెన్సన్ దాని సిద్ధాంతం రాశాడు. అందుకు కావలసిన, ధన రుణావేశాలు రెండూ గల వందలాది చిన్న అణువుల మిశ్రమాన్ని ఆ దశకంలోనే ఓలోఫ్ వెస్టర్‌బెర్గ్ తయారు చేసి చూపించాడు. ఆ మిశ్రమంతో చేసిన దారి ఎక్కువసేపు కరెంటు పెడితే మెల్లగా ఒక వైపుకు జారిపోయేది. 1982లో వచ్చిన కొత్త పద్ధతిలో పీహెచ్ మెట్లను జెల్‌లోనే రసాయనికంగా అతికించేయడంతో ఆ జారుడు ఆగిపోయింది. ఇప్పుడు మేము వాడే పట్టీలు అవే. ప్లాస్టిక్ పొర మీద 3 మిల్లీమీటర్ల వెడల్పు, నానిన తర్వాత అర మిల్లీమీటరు మందం, 7 నుంచి 24 సెంటీమీటర్ల పొడవు. ఎండిన పట్టీని ప్యాకెట్ నుంచి తీస్తే జెల్ ఉన్నదో లేదో కూడా తెలియదు. ప్రొటీన్ ద్రావణంలో బోర్లించి రాత్రంతా ఉంచితే నానబెట్టిన అటుకులా ఉబ్బి, ప్రొటీన్లను తనలోకి పీల్చుకుంటుంది. ఎండిపోకుండా పైన మినరల్ ఆయిల్ పోసి, వోల్టేజీని మెల్లగా పెంచుతూ 8,000 వోల్టుల దాకా తీసుకుపోతారు, కానీ ఒక్కో పట్టీ గుండా 50 మైక్రోఆంపియర్లకు మించి కరెంటు పోనివ్వరు.

నేను తలకిందులైంది ఇక్కడే. పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో, హైదరాబాద్‌లోని ఒక ప్రయోగశాలలో నాకు 4 పట్టీలు ఇచ్చి, "ఇవి పోతే ఈ ఏడాదికి మళ్లీ లేవు" అన్నారు. ఆకులను ద్రవ నైట్రోజన్‌లో నూరి, అందరూ వాడే ఫాస్ఫేట్ సెలైన్‌లోకి ప్రొటీన్లను తీశాను. అసిటోన్‌తో కడగాలని పద్ధతిలో రాసి ఉన్నా, కడిగితే సరుకు తగ్గుతుందని ఎవరో అంటే నమ్మి, ఆ మెట్టు వదిలేసి, యూరియా కలిపి నేరుగా 2 పట్టీలకు ఎక్కించాను. సాయంత్రం స్విచ్చు వేసినప్పుడు మనసు నిండుగా ఉంది. తెల్లవారి వచ్చి చూస్తే వోల్టేజీ 600 దాటలేదు, కరెంటు మాత్రం పరిమితిని పట్టుకొని వేలాడుతున్నది. దారి చూపడానికి కలిపిన నీలిరంగు, ధనధ్రువం దగ్గరికి చేరి పసుపుపచ్చగా మారిపోయి ఉండవలసింది; అది పట్టీ సగంలోనే మబ్బులా నిలిచిపోయింది. ఒక పట్టీ చివర బెల్లం పాకం మాడినట్టు నల్లబడి, నూనె కింద చిన్న బుడగ కనిపించింది.

తప్పు యంత్రానిదని రెండు రోజులు వాదించాను. తప్పు ఉప్పుది. ఆ సెలైన్‌లో సోడియం క్లోరైడు ఉండేది 137 మిల్లీమోలార్. పట్టీ ఓర్చుకొనేది మహా అయితే 10. కరెంటును మోయడానికి పెద్ద పెద్ద ప్రొటీన్ల కంటే ముందు సోడియం, క్లోరైడు అయాన్లు, అంటే ఉప్పు కరిగితే విడిపోయే ఆవేశం గల చిన్న కణాలు, ఉరుకుతాయి. యంత్రానికి కరెంటు పరిమితి ఉన్నది కనుక, ఆ పరిమితి అంతా ఉప్పుకే ఖర్చయి వోల్టేజీ పైకి లేవదు. వోల్టేజీ లేనిదే ప్రొటీన్ కదలదు. లో వోల్టేజీలో బోరు మోటరు నీళ్లు ఎత్తలేక కరెంటు మాత్రం లాగి లాగి కాలిపోవడం చూసినవాళ్లం మనం, నాకు ఆ పోలిక అప్పుడే తట్టి ఉండవలసింది. అయాన్లు చివరలకు చేరి అక్కడ ఆమ్లాన్ని, క్షారాన్ని పోగు చేస్తాయి, వాటితో పాటు నీళ్లు కూడా కదిలి పట్టీలో ఒక చోట ఎండుతుంది, ఎండిన చోట వేడి పుట్టి మాడుతుంది.

మిగిలిన 2 పట్టీలతో చేసినప్పుడు ప్రొటీన్లను నాలుగింతల చల్లటి అసిటోన్‌లో, మైనస్ 20 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, కింద చేరిన మడ్డిని కడిగి తీశాను. ఆ మడ్డిని బాగా ఎండనివ్వకూడదు. ఎండితే రాయిలా మారి దేనికీ కరగదు. యూరియా, థయోయూరియా, చాప్స్ అనే సబ్బు కలిపిన ద్రావణంలో కరిగించాలి. చాప్స్‌నే ఎందుకంటే దానికి నికరంగా ఆవేశం లేదు. అందరికీ తెలిసిన ఎస్‌డీఎస్ సబ్బును ఇక్కడ వాడితే అది ప్రొటీన్ ఒళ్లంతా పట్టేసి తన రుణావేశాన్నే పులుముతుంది కాబట్టి, మనం చూడాలనుకున్న ప్రొటీన్ సొంత ఆవేశం కనబడకుండా పోతుంది. డీఎన్ఏ, ఆర్ఎన్ఏలు కూడా నిండా రుణావేశంతో ఉండేవే కనుక వాటిని ఎంజైముతో తుంచేయాలి. ఇంత చేశాక కూడా మొదటి కొన్ని గంటలు తక్కువ వోల్టేజీలోనే నడిపి, మిగిలిన ఉప్పును చివరల్లోని తడి కాగితం ముక్కల్లోకి తోలి, ఆ కాగితాలు మార్చాలి. ఈ పనుల్లో గొప్ప తెలివి అవసరమైనది ఒక్కటీ లేదు, అందుకే వదిలేయాలనిపిస్తుంది.

మన జిల్లాల వాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటి. యూరియా ద్రావణాన్ని 37 డిగ్రీలు దాటనివ్వకూడదు. వేడెక్కితే యూరియా నుంచి సైనేట్ పుట్టి, లైసిన్‌కు అతుక్కొని దాని ధనావేశాన్ని తీసేస్తుంది. లేని తేడాలు ఉన్నట్టుగా, ఒకే ప్రొటీన్ నాలుగు చోట్ల కనిపిస్తుంది. పద్ధతుల్లో "గది ఉష్ణోగ్రత వద్ద" అని రాసినవాళ్లు ఏ చల్లని దేశపు గదిని ఊహించుకొని రాశారో గానీ, మే నెలలో నల్లగొండ గది ఉష్ణోగ్రత అంటే ఏమిటో వాళ్లకు తెలియదు.

పట్టీ మీద విడిపోయిన ప్రొటీన్లను అక్కడితో వదలకుండా, ఆ పట్టీని ఎస్‌డీఎస్‌లో తడిపి, పలకలాంటి జెల్ తల మీద అడ్డంగా పెట్టి, ఈసారి పై నుంచి కిందికి నడిపిస్తారు. ఇప్పుడు అందరికీ ఒకే తీరు రుణావేశం కావాలి కనుక ఇంతకుముందు వద్దన్న ఎస్‌డీఎస్ ఇక్కడ పనికొస్తుంది, విడదీసే పని పరిమాణానిది అవుతుంది. ఒక దిక్కు ఆవేశం, ఒక దిక్కు పరిమాణం: ఒకటి పడుగు, ఒకటి పేక. 1975లో ప్యాట్రిక్ ఓఫారెల్ ఈ రెంటినీ కలిపి ఇ. కోలై అనే బ్యాక్టీరియాలో 1,100 ప్రొటీన్ చుక్కలను విడదీసి చూపించాడు. అదే ఏడాది జర్మనీలో యోఆకిమ్ క్లోజె ఎలుక కణజాలంతో అదే పని చేశాడు. మా వైపు డబుల్ ఇక్కత్‌లో చిటికి కట్టి రంగు వేసిన పడుగు నూలు, పేక నూలు సరిగ్గా కలిసిన చోటే పువ్వు పడుతుంది; దారం ఒక్క నూలువాసి జరిగినా పువ్వు చెదురుతుంది. జెల్‌లోనూ చుక్క ఉన్న చోటే దాని చిరునామా. ఒకే ఎత్తులో, పక్కపక్కన, ముత్యాల వరుసలా నాలుగైదు చుక్కలు కనిపిస్తే, చాలాసార్లు అది ఒకే ప్రొటీన్, ఒక్కో ఫాస్ఫేటు ఎక్కువై ఆమ్లం వైపు ఒక్కో అడుగు జరిగినదై ఉంటుంది. నా జెల్‌లో పీహెచ్ 6 దగ్గర రూబిస్కో పెద్ద మరకలా పరుచుకున్నది, అది ఊహించిందే. దానికి ఎడమ వైపున, గుండుసూది మొనంత చుక్కల వరుసను మొదటిసారి చూసినప్పుడు దీపపు పెట్టె మీద అరగంట వంగి నిలబడ్డాను.

ఈ పద్ధతిని పొగిడి ఊరుకోవడం న్యాయం కాదు. మరీ ఆమ్లమైనవి, మరీ క్షారమైనవి, కణపు పొరలో నూనెతో కలిసి ఉండేవి పట్టీలో సరిగా నడవవు. పని నెమ్మది, చెయ్యి మారితే జెల్ మారుతుంది. అందుకే చాలా చోట్ల ఈ విడదీతను ద్రవంలోకి మార్చారు, అక్కడ పనిచేసేది అయాన్ మార్పిడి.

అయాన్ మార్పిడి నల్లగొండ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేని విషయం కావాలి, ఎందుకంటే నీళ్లలోని ఫ్లోరైడు అనే ఒక అయాన్ పళ్లను, ఎముకలను ఏం చేస్తుందో మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు చూసినంతగా చాలా చోట్ల చూడలేదు. జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ అయిన నీరీ శాస్త్రవేత్తలు 1970 దశకంలో రూపొందించిన, పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి లోకమంతా వాడే పేరు మన జిల్లాదే. అది అయాన్ మార్పిడి కాదు, ఆ తేడా గుర్తుంచుకోవాలి. ప్రయోగశాలలో మేము వాడే నీటిని శుద్ధి చేసే గొట్టంలోని రెసిన్ పూసలు మాత్రం అచ్చంగా ఆ పనే చేస్తాయి: ఒక రకం పూస తన మీది హైడ్రోజన్‌ను వదిలి కాల్షియాన్ని, సోడియాన్ని పట్టుకుంటుంది; మరో రకం హైడ్రాక్సైడును వదిలి క్లోరైడును, ఫ్లోరైడును పట్టుకుంటుంది. సరిగ్గా అలాంటి ధనావేశపు పూసల మీద ప్రొటీన్లను పోస్తే రుణావేశం గలవి అతుక్కుంటాయి, మిగిలినవి కిందికి జారిపోతాయి. తర్వాత ఉప్పునీటిని కొంచెం కొంచెంగా గాఢత పెంచుతూ పోస్తే, బలహీనంగా పట్టుకున్నవి ముందు, గట్టిగా పట్టుకున్నవి వెనుక బయటికి వస్తాయి. పట్టీని మాడ్చిన ఉప్పే ఇక్కడ పని చేసిపెడుతుంది. 2001లో జాన్ యేట్స్ బృందం ఈస్ట్ ప్రొటీన్లను ముందే ట్రిప్సిన్‌తో ముక్కలు చేసి, ఆ ముక్కలను ఇలా ఆవేశాన్ని బట్టి విడదీసి నేరుగా మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపి 1,484 ప్రొటీన్లను గుర్తించింది. అంటే జెల్లును వదిలేసినవాళ్లు కూడా ఆవేశాన్ని వదిలేయలేదు.

ఇదంతా పరిశోధకుల గొడవ అనుకొనేవారు తమ ఇంట్లోని షుగర్ రిపోర్టు తీసి చూడవచ్చు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షను చాలా ల్యాబులు అయాన్ మార్పిడి పద్ధతిలోనే చేస్తాయి. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే, ఎర్రకణం బతికే సుమారు 120 రోజుల్లో ఆ చక్కెర హిమోగ్లోబిన్ బీటా గొలుసు మొదటి కొసకు అతుక్కుంటూ పోతుంది. ఆ కొసన ఉండే ధనావేశం దానితో తగ్గుతుంది. కనుక రుణావేశపు పూసల గొట్టంలో పోస్తే చక్కెర పట్టిన హిమోగ్లోబిన్ పట్టు సడలి ముందుగా జారి వస్తుంది, మామూలుది వెనుక వస్తుంది. ముందు వచ్చినది మొత్తంలో ఎంత శాతమన్నదే రిపోర్టులో అచ్చయ్యే అంకె. మధుమేహ రోగుల్లో ఈ వేరే హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉన్నదని 1960 దశకం చివర్లో శామ్యూల్ రహబార్ గమనించింది కూడా ఎలక్ట్రోఫోరెసిస్ గీతల్లోనే. మా నాయిన రిపోర్టులో 7.9 చూసి, ఆ అంకె గొట్టంలోంచి ఎలా జారి వచ్చిందో ఆయనకు వివరించబోతే, "తీపి బంద్ అనే కద చెప్పబోతున్నవ్" అన్నాడు.

మళ్లీ ఆ అమ్మాయి ట్యూబు దగ్గరికి. "మరి నా దాంట్ల ఉప్పెంతున్నదో ఎట్ల తెలుస్తది మేడం?" అని అడిగింది. ఊళ్ల నుంచి తెచ్చిన బోరు నీళ్లను కొలవడానికి రసాయనశాస్త్ర విభాగంలో ఒక వాహకత మీటరు ఉన్నది. ఆమె ద్రావణంలోంచి కొంత తీసి, శుద్ధమైన నీటిలో వంద రెట్లు పలుచన చేసి, మీటరు ముంచి, లెక్క కట్టి చూసింది. మా ఊరి బోరు నీటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చింది. రెండోసారి కొలిచింది, మారలేదు. ఇంకేమీ అనకుండా ఫ్రీజర్‌లోని అసిటోన్ సీసా ఎక్కడున్నదని అడిగింది.

శుక్రవారం పొద్దున సెంట్రిఫ్యూజ్ ఆగాక ట్యూబు తీసి వెలుతురుకు పెట్టి చూపించింది. ఆకుపచ్చ రంగంతా పైనున్న అసిటోన్‌లోకి పోయి, అడుగున గోరంత తెల్లటి మడ్డి మిగిలింది. "గింతేనా మేడం?" అన్నది. గింతే. అసిటోన్ వంచేసి, కాగితం మీద బోర్లించి, గడియారం చూస్తూ నిలబడ్డాము. రెండు నిమిషాలకు మించి ఎండనివ్వవద్దని చెప్పాను. పట్టీ సోమవారం సాయంత్రం నానబెడుతుంది.